పాత పార్లమెంటు, కొత్త రాజ్యాంగం
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

కమ్యూనిస్టు పాలన ముగిశాక తూర్పు యూరప్ దేశాలు తమ రాజ్యాంగాలను ఎలా మార్చుకున్నాయో వివరిస్తూ కిందటి నెల వేసిన వ్యాసంపై విజయవాడ, గుంటూరుల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. చందా కట్టి ‘సోవియట్ భూమి’ తెప్పించుకున్న ఇళ్లు, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలను విశాలాంధ్ర బుక్ హౌస్‌లో కొనుక్కుని చదివిన కుటుంబాలు ఈ రెండు ఊళ్లలో ఇంకా ఉన్నాయి కనుక ఆ దేశాల కథ ఇక్కడివారికి పరాయిదిగా తోచదు. వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: 1989లో పోలండ్, హంగరీ ప్రజలు కమ్యూనిస్టు పాలనకు స్వస్తి చెప్పారని రాశారు. కానీ ఆ రెండు దేశాల్లో రాజ్యాంగాన్ని మార్చినవి కమ్యూనిస్టుల హయాంలో ఎన్నికైన పాత పార్లమెంట్లే. అవి నిజమైన ఎన్నికల్లో గెలిచినవి కావని మీరే అంటారు. అలాంటప్పుడు అవి చేసిన సవరణలకు విలువ ఎక్కడి నుంచి వచ్చింది? విలువ ఉందని ఒప్పుకుంటే ఆ పాత పార్లమెంట్లకూ విలువ ఉన్నట్టే కదా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: మీ తర్కాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. ఆ రోజుల్లో వార్సాలో, బుడాపెస్ట్‌లో చర్చల కోసం ఒకే బల్ల చుట్టూ కూర్చున్న ప్రభుత్వ, ప్రతిపక్ష నాయకులను కూడా సరిగ్గా ఈ ప్రశ్నే వేధించింది. ఇందులో చట్టబద్ధత, ప్రజామోదం అనే రెండు విషయాలు కలగలిసి ఉన్నాయి. అమల్లో ఉన్న నియమం ప్రకారం, అధికారం ఉన్న సభ చేసిన పని చట్టబద్ధమవుతుంది. ఆ నియమాన్నీ ఆ సభనూ జనం తమవిగా ఒప్పుకున్నారా లేదా అన్నది ప్రజామోదం. 1989 వసంతంలో పోలండ్ ప్రభుత్వం చేతిలో మొదటిది ఉంది, రెండోది లేదు. కార్మిక సంఘంగా మొదలై ప్రతిపక్షంగా ఎదిగిన సాలిడారిటీ ఉద్యమానికి జనంలో ఆదరణ ఉన్నా ఆ నాయకులకు ఎవరూ ఓటు వేసి ఉండలేదు. అంటే బల్లకు రెండు వైపులా కూర్చున్నవాళ్లలో ‘మేమే ప్రజలం’ అని చెప్పుకోగల హక్కు ఏ ఒక్కరికీ పూర్తిగా లేదు.

నాకు విలువైనదిగా కనిపించేది, ఆ లోటును వాళ్లు గుర్తెరిగి ప్రవర్తించిన తీరు. 1989 ఫిబ్రవరి 6 నుంచి ఏప్రిల్ 5 వరకు జరిగిన పోలండ్ రౌండ్ టేబుల్ చర్చల్లో వాళ్లు కొత్త రాజ్యాంగం జోలికి పోలేదు. ఎన్నికలు జరపడానికి ఎంత అవసరమో అంతే మార్చారు. సెయ్మ్ అనే దిగువ సభలోని 460 స్థానాల్లో 65 శాతం పాలక పార్టీకీ దాని మిత్రపక్షాలకూ కేటాయించి, మిగిలిన 35 శాతానికి పోటీ పెట్టారు. కొత్తగా ఏర్పరచిన సెనేట్‌లోని 100 స్థానాలకు మాత్రం పూర్తి స్వేచ్ఛతో ఎన్నిక పెట్టారు. జూన్‌లో సాలిడారిటీ పోటీకి వదిలిన 161 దిగువ సభ స్థానాలనూ, సెనేట్‌లో 99 స్థానాలనూ గెలుచుకుంది.

ఆ ఎన్నికలో చాలామంది మరిచిపోయే ఘట్టం ఒకటి ఉంది. ప్రభుత్వ ప్రముఖులు పోటీ లేకుండా గెలవాలని 35 పేర్లతో ఒక జాతీయ జాబితా పెట్టారు. ఓటు వేసే పద్ధతి ఇష్టం లేని పేరును కొట్టివేయడం కనుక జూన్ 4న ఓటర్లు ఆ 35 మందిలో 33 మందిని కొట్టివేశారు. అలా ఖాళీ అయిన స్థానాలను నింపే మార్గం చట్టంలో లేదు. అవి ఖాళీగా ఉండిపోతే 65 శాతం ఒప్పందం చెడుతుంది. అప్పుడు రెండు విడతల ఎన్నికల నడుమ నియమాన్నే మార్చి ఆ స్థానాలకు మళ్లీ పోటీ పెట్టారు, సాలిడారిటీ నాయకత్వం దానికి ఒప్పుకుంది. ఓటరు స్పష్టంగా చెప్పిన మాటను పక్కన పెట్టడమే అది. రెండో విడతకు సుమారు 25 శాతం మందే ఓటు వేయడానికి వచ్చారు. ఇచ్చిన మాట తప్పితే సైన్యాన్ని దింపడానికి సాకు దొరుకుతుందన్న భయం ఆనాడు అకారణమైనది కాదు, ఎనిమిదేళ్ల కిందటే వాళ్లు సైనిక పాలన చూశారు. అయినా ఆ గాయం మానడానికి చాలా కాలం పట్టింది. ‘బల్ల దగ్గర బేరం కుదుర్చుకున్నారు’ అన్న నింద పోలండ్ రాజకీయాల్లో దశాబ్దాల పాటు వినిపించింది. నా మటుకు నాకు ఆ నిర్ణయం అప్పటికి సరైనదే అనిపిస్తుంది. కానీ దానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదని కూడా ఒప్పుకోవాలి.

మీ రెండో తర్కానికి, అంటే సవరణకు విలువ ఉంటే పాత పార్లమెంటుకూ విలువ ఉన్నట్టే అన్న మాటకు, హంగరీ చరిత్ర ఇంకా లోతుగా జవాబు చెబుతుంది. అక్కడ ప్రతిపక్ష బృందాలు ముందుగా తమలో తాము ఒక బల్ల వేసుకుని, ఆ తర్వాత 1989 జూన్ 13 నుంచి ప్రభుత్వంతో చర్చించాయి. సెప్టెంబరు 18న కుదిరిన ఒప్పందాన్ని 1985లో ఎన్నికైన పాత పార్లమెంటు అక్టోబరులో చట్టం చేసింది. ఆ సవరణలతోనే 1956 తిరుగుబాటు వార్షికోత్సవమైన అక్టోబరు 23న గణతంత్రాన్ని ప్రకటించారు. పేరుకు అది కమ్యూనిస్టు రాజ్యాంగమైన 1949 నాటి 20వ చట్టమే. దేశ రాజధాని బుడాపెస్ట్ అన్న వాక్యం తప్ప పాత పాఠంలో ఏమీ మిగలలేదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఒప్పందంపై సంతకం పెట్టని రెండు ప్రతిపక్ష పార్టీలు జనం సంతకాలు సేకరించి నవంబరు 26న రిఫరెండం (నేరుగా ప్రజల ఓటు) తెప్పించాయి. పార్లమెంటు ఎన్నికలకు ముందే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలన్న ఏర్పాటు దానిలో సుమారు 6,000 ఓట్ల తేడాతో ఓడిపోయింది. అంటే బల్ల దగ్గర కుదిరిన మాటను జనం సరిదిద్దే అవకాశం కూడా ఉండింది.

ఆ సవరించిన రాజ్యాంగం పీఠికలోనే, కొత్త రాజ్యాంగం వచ్చేదాకా ఇది అమల్లో ఉంటుందని రాసుకున్నారు. తాము తాత్కాలికమని చెప్పుకున్నవాళ్లు పాత పార్లమెంటు గొప్పదనాన్ని వాడుకోలేదు. దాని ముద్రను మాత్రం వాడుకుని, ఆ ముద్రతో దాన్నే ఇంటికి పంపారు. 1990 మార్చి, ఏప్రిల్‌లలో స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. కనుక మీ ప్రశ్నకు నా జవాబు ఇది: ఆ సవరణలకు విలువ వెనుక నుంచి రాలేదు, ముందు నుంచి వచ్చింది. పాత సభ ఇవ్వలేని ఆమోదాన్ని రాబోయే ఎన్నిక ఇస్తుందనీ, అసలు రాజ్యాంగాన్ని ఆ తర్వాత ఎన్నికైనవాళ్లు తీరిగ్గా రాస్తారనీ నమ్మి చేసిన ఏర్పాటు అది.

ఆ రెండో అంకం హంగరీలో ఇరవై ఏళ్లు జరగలేదు. సమస్య అక్కడ మొదలైంది. ఏకసభ పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ ఉంటే రాజ్యాంగాన్ని ఎంతైనా మార్చవచ్చన్న పాత నియమం అలాగే ఉండిపోయింది. 1994లో గెలిచిన సోషలిస్టులకూ (మాజీ కమ్యూనిస్టుల పార్టీ) వారి భాగస్వాములకూ 386లో 70 శాతానికి పైగా స్థానాలు వచ్చాయి. వాళ్లు తలచుకుంటే తమకు నచ్చిన రాజ్యాంగాన్ని ఒక్కరే రాసుకోగలిగేవారు. అలా చేయకుండా, కొత్త రాజ్యాంగ రచనకు సంబంధించిన నియమాలను సభలో ఐదింట నాలుగు వంతుల మంది ఒప్పుకోవాలని 1995లో తమ చేతులు తామే కట్టుకున్నారు. ఆ మాజీ కమ్యూనిస్టులు చేసిన పనుల్లో నేను అన్నిటికన్నా గౌరవించేది దీన్నే. 1996లో పాలకపక్షంలోనే కొందరు మద్దతు ఇవ్వకపోవడంతో ఆ ప్రయత్నం నిలిచిపోయింది.

2010లో విక్టర్ ఒర్బాన్ నాయకత్వంలోని ఫిడెస్ కూటమి సుమారు 53 శాతం ఓట్లతో 68 శాతం స్థానాలు గెలిచింది. సీట్ల లెక్క వేరు, ఓట్ల లెక్క వేరు అన్న సంగతి మన ప్రాంతం వారికి విడమరచి చెప్పక్కరలేదు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి సుమారు 31 శాతం ఓట్లు వచ్చి, 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. హంగరీలో ఫిడెస్ కూటమి ముందుగా ఐదింట నాలుగు వంతుల నిబంధనను తొలగించింది. 2011 ఏప్రిల్ 18న 262 ఓట్లతో ‘మౌలిక చట్టం’ అనే పేరుతో కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించింది. వ్యతిరేకంగా 44 ఓట్లు పడ్డాయి, సోషలిస్టులు ఓటింగులో పాల్గొనలేదు. రిఫరెండం పెట్టలేదు. ఆ మౌలిక చట్టం పీఠిక 1949 నాటి కమ్యూనిస్టు రాజ్యాంగం చెల్లదని ప్రకటిస్తుంది. అదే పత్రం చివరి నిబంధనలు, దీన్ని 1949 నాటి 20వ చట్టంలోని ఫలానా సెక్షన్ల కింద ఆమోదిస్తున్నామని చెబుతాయి. చెల్లదన్న రాజ్యాంగం ఇచ్చిన అధికారంతోనే కొత్తది వచ్చిందన్నమాట. మీరు 1989 పార్లమెంటును అడిగిన ప్రశ్నను ఇక్కడ అడగాలి. 1989లో ఆ వైరుధ్యాన్ని దాటడానికి ప్రత్యర్థుల ఒప్పందం, తర్వాతి ఎన్నిక, ‘తాత్కాలికం’ అన్న వినయం ఉన్నాయి. 2011లో మెజారిటీ లెక్క తప్ప వేరే ఆధారం లేదు.

ప్రశ్న: ఇంత చర్చ దేనికి? ఎవరు రాసినా చివరికి రిఫరెండం పెట్టి ప్రజల చేత ‘అవును’ అనిపిస్తే ప్రజామోదం వచ్చినట్టే కదా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అమ్మా, రిఫరెండం అవసరమే కావచ్చు, కానీ అదొక్కటే సరిపోదని చెప్పడానికి రష్యా ఉదాహరణ చాలు. 1978 నాటి రష్యా రిపబ్లిక్ రాజ్యాంగాన్ని అదేపనిగా సవరిస్తూ పోయారు. దాంతో పార్లమెంటుకూ అధ్యక్షుడికీ ఎవరు పైవారో తేలని స్థితి వచ్చింది. 1993 సెప్టెంబరు 21న అధ్యక్షుడు యెల్ట్సిన్ 1400 నంబరు ఉత్తర్వుతో పార్లమెంటును రద్దు చేశారు. అది రాజ్యాంగ విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. అక్టోబరు 4న పార్లమెంటు భవనంపై ట్యాంకులు కాల్పులు జరిపాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే న్యాయస్థానం కార్యకలాపాలను కూడా నిలిపివేశారు. నవంబరులో ముసాయిదా అచ్చయింది, డిసెంబరు 12న ఓటింగు జరిగింది.

ఆ రిఫరెండం లెక్కను మీరు ఒక కాగితం మీద వేసి చూడండి. రాజ్యాంగ విషయాలకు మొత్తం నమోదైన ఓటర్లలో సగానికి పైగా ‘అవును’ అనాలని అంతకుముందున్న రిఫరెండం చట్టం చెప్పేది. అధ్యక్షుడి ఉత్తర్వు దాన్ని మార్చి, సగం మంది వచ్చి, వచ్చినవాళ్లలో సగానికి మించి ఒప్పుకుంటే చాలంది. అధికారిక లెక్కల ప్రకారం 54.8 శాతం మంది వచ్చారు, వారిలో 58.4 శాతం ఒప్పుకున్నారు. అంటే మొత్తం ఓటర్లలో మూడో వంతుకు కాస్త తక్కువ. పాత నియమం ఉండి ఉంటే అది ఓడిపోయేది. అంతకన్నా విచిత్రం, ఇంకా ఆమోదం పొందని ఆ రాజ్యాంగం ప్రకారమే అదే రోజు కొత్త పార్లమెంటుకు కూడా ఓట్లు వేయించారు. ‘కాదు’ అన్న ఓటరు తాను కాదన్న సభకే ప్రతినిధిని ఎన్నుకోవాల్సి వచ్చింది.

అంకెలు మాత్రమే చూస్తే పోలండ్ రష్యా కన్నా వెనకబడి ఉంటుంది. 1997 మే 25న జరిగిన రిఫరెండానికి 43 శాతం మంది కూడా రాలేదు. వచ్చినవారిలో 53.45 శాతం ఒప్పుకున్నారు. మొత్తం ఓటర్లలో నాలుగో వంతు కూడా కాదు. అయినా నేను పోలండ్ రాజ్యాంగాన్నే ఎక్కువ ప్రజామోదం ఉన్నదిగా భావిస్తాను. దానికి కారణం ఓటింగు రోజున లేదు, అంతకు ముందు గడిచిన ఐదేళ్లలో ఉంది. 1992లో ‘చిన్న రాజ్యాంగం’ పేరుతో ప్రభుత్వ శాఖల సంబంధాలను మాత్రం సరిచేసుకుని, పెద్ద పనికి సమయం తీసుకున్నారు. 1993 ఎన్నికల్లో రైటిస్టు పక్షాలు చీలికల వల్ల కనీస ఓట్ల హద్దు దాటలేక పార్లమెంటు బయట మిగిలిపోయాయి. ఓటర్లలో సుమారు మూడో వంతు వేసిన ఓట్లకు సభలో ప్రతినిధి లేకుండా పోయాడు. అటువంటి సభ రాజ్యాంగం రాస్తే మిగతావాళ్ల మాటేమిటన్న ప్రశ్న వచ్చింది. మాజీ కమ్యూనిస్టుల ఆధిక్యం ఉన్న ఆ సభే 1994లో ఒక దారి తెరిచింది. 5 లక్షల మంది ఓటర్లు సంతకం చేస్తే పౌరులే తమ ముసాయిదాను సభకు సమర్పించవచ్చంది. సభలో చోటులేని సాలిడారిటీ కార్మిక సంఘం ఆ దారిలోనే తన ముసాయిదాను తెచ్చింది.

ఆ రాజ్యాంగం పీఠికను మీరు తప్పక చదవాలి. సత్యానికీ న్యాయానికీ మంచికీ అందానికీ మూలం దేవుడని నమ్మే పౌరులనూ, ఆ విశ్వాసం లేకుండా అవే విలువలను వేరే మూలాల నుంచి గౌరవించే పౌరులనూ అది ఒకే వాక్యంలో, సమాన హక్కులతో పిలుస్తుంది. దాన్ని రూపొందించినవారు 1989లో తొలి కమ్యూనిస్టేతర ప్రధాని అయిన మజోవియెట్‌స్కీ. ఆయన స్వయంగా గాఢ విశ్వాసి. రాజ్యాంగ సంఘానికి కొంతకాలం అధ్యక్షత వహించి, తర్వాత దేశాధ్యక్షుడిగా దానిపై సంతకం చేసిన క్వాస్నియెవ్‌స్కీ మాజీ కమ్యూనిస్టు. ఆ ఒక్క వాక్యం కోసం ఎంత వాదులాట జరిగిందో తెలిస్తే, 43 శాతం అన్న అంకెతో దాన్ని కొలవలేమని మీరే అంటారు. ఓటర్లు తక్కువ రావడం బాధాకరమే, కానీ అప్పటికే వాళ్లు ఎనిమిదేళ్ల చర్చ విని ఉన్నారు.

రిఫరెండం నిజంగా పని చేసిన చోట్లూ ఉన్నాయి. అల్బేనియాలో పార్లమెంటులో తగిన మెజారిటీ లేక అధ్యక్షుడు ముసాయిదాను నేరుగా జనం ముందు పెడితే, 1994 నవంబరులో జనం తిప్పికొట్టారు. రుమేనియాలో 1991లో సుమారు 77 శాతం ఒప్పుకున్నారు. ఎస్టోనియాలో 1992 జూన్‌లో 91 శాతం వచ్చింది. అక్కడ రచనకు కూర్చున్న 60 మందిలో సగాన్ని సోవియట్ కాలపు సుప్రీం కౌన్సిల్ నుంచి, సగాన్ని దానికి పోటీగా పౌరులు ఏర్పరచుకున్న ఎస్టోనియా కాంగ్రెస్ నుంచి తీసుకోవడం నాకు బాగా నచ్చిన ఏర్పాటు. అయితే 1940కి ముందరి పౌరులకూ వారి సంతతికీ మాత్రమే ఓటు ఇచ్చారు కనుక సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన రష్యన్ భాషీయుల్లో అత్యధికులు ఆ 91 శాతం లెక్కలో అసలు లేరు. కనుక ‘ఎంత శాతం’ అని అడిగే ముందు ‘ఎవరిలో’ అని అడగాలి.

ప్రశ్న: రాజ్యాంగం రాసుకోలేకపోవడం వల్లే చెకోస్లొవేకియా విడిపోయిందని మా లెక్చరర్ గారు చెప్పారు. నిజమేనా?
– పటమట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: చాలావరకు నిజం. 1990 జూన్‌లో ఎన్నికైన ఫెడరల్ అసెంబ్లీకి రెండేళ్ల గడువు పెట్టింది కొత్త రాజ్యాంగం కోసమే. కానీ 1968లో కమ్యూనిస్టు పాలనలో చేసిన సమాఖ్య చట్టం ప్రకారం, రాజ్యాంగ మార్పులకు ప్రజా సభలోనూ, జాతుల సభలోని 75 మంది చెక్ సభ్యుల్లోనూ, 75 మంది స్లొవాక్ సభ్యుల్లోనూ విడివిడిగా ఐదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. అంటే ఏదో ఒక వైపు 31 మంది కాదంటే చాలు, దేశం మొత్తం ఆగిపోతుంది. పార్టీ ఒక్కటే అన్నీ నిర్ణయించిన కాలంలో ఈ నియమం కాగితం మీద నిద్రపోయింది, ఎందుకంటే 31 మంది కాదనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పార్టీ పట్టు సడలిన మరునాడే అది లేచి కూర్చుంది. సోవియట్ యూనియన్ రాజ్యాంగం 72వ అధికరణం రిపబ్లిక్‌లకు ఇచ్చిన విడిపోయే హక్కు కూడా ఇలాగే, ఎవరూ వాడరన్న నమ్మకంతో రాసినదే.

1992 జూన్ ఎన్నికల్లో చెక్ వైపు వాక్లావ్ క్లాస్, స్లొవాక్ వైపు వ్లాదిమీర్ మెచియార్ గెలిచారు. స్లొవాక్ సభ్యులు అడ్డుకోవడంతో అప్పటి చెకోస్లొవేకియా అధ్యక్షుడు హావెల్ మళ్లీ అధ్యక్షుడు కాలేకపోయారు. ఇద్దరు నాయకులూ విడిపోవడానికే మొగ్గారు. స్లొవేకియా సెప్టెంబరు 1న, చెక్ రిపబ్లిక్ డిసెంబరు 16న తమ రాజ్యాంగాలు చేసుకున్నాయి. 1993 జనవరి 1 నాటికి రెండు దేశాలు అయ్యాయి. రక్తం చిందలేదన్నది గొప్ప విషయం. కానీ రిఫరెండం జరపడానికి చట్టం ఉండి కూడా, దేశం ఉండాలా వద్దా అన్నది జనాన్ని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ లోటును నేను చిన్నదిగా చూడలేను.

ప్రశ్న: తూర్పు జర్మనీ రౌండ్ టేబుల్ రాసిన రాజ్యాంగం ఏమైంది?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముసాయిదాగానే మిగిలిపోయింది. 1989 డిసెంబరులో మొదలైన రౌండ్ టేబుల్ తరఫున ఒక బృందం దాన్ని ఏప్రిల్ 1990 నాటికి సిద్ధం చేసింది. అప్పటికే మార్చి 18 ఎన్నికల్లో త్వరగా జర్మనీ ఏకీకరణ కావాలన్న పక్షాలు గెలవడంతో, కొత్త పార్లమెంటు దాన్ని పరిశీలనకు కూడా తీసుకోలేదు. పశ్చిమ జర్మనీ రాజ్యాంగమైన ‘మౌలిక చట్టం’లో ఏకీకరణకు రెండు దారులుండేవి. 146వ అధికరణం ప్రకారం జర్మన్ ప్రజలంతా కలిసి కొత్త రాజ్యాంగం చేసుకోవచ్చు, 23వ అధికరణం ప్రకారం ఉన్నదానిలో చేరిపోవచ్చు. రెండో దారే దగ్గరిదని 1990 అక్టోబరు 3న అందులో చేరారు. ఓటర్లు కోరుకున్నది అదే కనుక తప్పు పట్టలేను. వీధుల్లోకి వచ్చి నియంతృత్వాన్ని దించినవాళ్ల చేతిరాత మాత్రం ఆ పత్రంలో ఎక్కడా కనిపించకుండా పోయింది.

ప్రశ్న: మన రాజ్యాంగ సభను ఎన్నుకున్నది కూడా ప్రజలందరూ కాదు, ఆస్తి, చదువు ఉన్నవాళ్ల ఓట్లతో ఏర్పడిన రాష్ట్రాల శాసనసభలు. మనకూ రిఫరెండం జరగలేదు. ఒకే పార్టీకి తిరుగులేని ఆధిక్యం ఉండేది. మరి హంగరీని తప్పు పట్టే హక్కు మనకుందా? తొమ్మిదో తరగతి పిల్లలు అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను.
– సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, కొత్తపేట, గుంటూరు

జవాబు: పిల్లలు అడిగిన ప్రశ్న నిజాయితీ గలది, దాన్ని అణచకుండా ఇంతదూరం తెచ్చినందుకు మీకు నా ధన్యవాదాలు. మీరు చెప్పిన వాస్తవాలన్నీ సరైనవే. 1946 జూలైలో ఎన్నికైన సభలో కాంగ్రెస్ ఆధిక్యం హంగరీ పాలకపక్షానికి 2011లో ఉన్నదానికన్నా ఎక్కువ. కనుక తేడాను అంకెల్లో వెతికితే దొరకదు, ఆ ఆధిక్యాన్ని వాడిన తీరులో వెతకాలి.

1946 డిసెంబరు 13న నెహ్రూ, రాజ్యాంగానికి దిశ చూపే లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టినప్పుడు సభలో దాన్ని ఆ పూటే నెగ్గించుకునే బలం ఉంది. ముస్లిం లీగ్, సంస్థానాల ప్రతినిధులు సభకు రాలేదు కనుక వాళ్ల కోసం ఆగుదామని సభ్యుడు జయకర్ సవరణ పెట్టారు. మొదట చాలామంది కోప్పడినా చివరికి సభ ఆగింది, 1947 జనవరి 22న గాని తీర్మానాన్ని ఆమోదించలేదు. లీగ్ రాలేదు, దేశం చీలింది. అయినా ఆ ఐదారు వారాల నిరీక్షణ వృథా అని నేను అనుకోను. దేశ విభజన వల్ల బెంగాల్ నుంచి వచ్చిన స్థానాన్ని అంబేడ్కర్ కోల్పోతే, ఆయన తీవ్రంగా విమర్శించిన కాంగ్రెస్సే బొంబాయి నుంచి మళ్లీ తీసుకువచ్చింది. ఆయన్నే ముసాయిదా సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. 1948 ఫిబ్రవరిలో ముసాయిదాను జనం ముందు పెట్టి, నవంబరు దాకా అభిప్రాయాలు విన్నారు. ప్రతిపాదించిన సవరణలు 7,635. వాటిలో 2,473 సవరణలు సభలో చర్చకు వచ్చాయి. ఆ సభలో మన ప్రాంతపు ప్రకాశం పంతులు గారు, పట్టాభి సీతారామయ్య గారు, ఆచార్య రంగా గారు, దుర్గాబాయి గారు కూర్చున్నారని పిల్లలకు చెప్పండి.

ఇంకో తేడా ఉంది. హంగరీ 2011లో తాను తిరస్కరించిన చట్టం కిందే కొత్త చట్టం చేసుకుంది. మనవాళ్లు 395వ అధికరణంలో 1935 నాటి భారత ప్రభుత్వ చట్టాన్నే కాక, తమకు అధికారమిచ్చిన 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టాన్ని కూడా రద్దు చేశారు. బ్రిటిష్ పార్లమెంటు వడికిన దారంతో మన రాజ్యాంగానికి ముడి ఉండకూడదని తెలిసి చేసిన పని అది. ఆ ముడి తెంచుకున్నాక జనం తప్ప వేరే ఆధారం లేదు. అందుకే 1951–52లో వయోజనులందరి ఓటుతో జరిగిన తొలి ఎన్నికలు నా దృష్టిలో ఈ రాజ్యాంగానికి ఆలస్యంగా జరిగిన ఆమోదం.

ఇక రాజ్యాంగ సభలో ఒకే ఒక్క కమ్యూనిస్టు సభ్యుడు ఉండేవారు, బెంగాల్‌కు చెందిన సోమనాథ్ లాహిరి. దేశ విభజన తర్వాత ఆ స్థానమూ పోయింది. రాజ్యాంగం పూర్తవుతున్న రోజుల్లో ఆ పార్టీ తెలంగాణలో సాయుధ పోరాటంలో ఉంది, ఆ పత్రాన్ని తమదిగా భావించలేదు. సుమారు రెండేళ్లకే వాళ్లు అదే రాజ్యాంగం కింద ఎన్నికల్లో నిలబడ్డారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని లోక్‌సభకు వెళ్లారు. రాసేటప్పుడు బయట ఉన్నవాళ్లకు లోపలికి వచ్చే తలుపు మూయలేదన్నమాట.

హంగరీని తప్పు పట్టే హక్కు గురించి అడిగారు కనుక మన ఇంటి సంగతి కూడా చెప్పాలి. మన పార్లమెంటు కూడా అత్యవసర పరిస్థితిలో 42వ సవరణ చేసింది. రాజ్యాంగ సవరణలను ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని అందులో రాసుకుంది. 1973లో కేశవానంద భారతి కేసులో 7–6 తేడాతో నిలిచిన మౌలిక స్వరూప సిద్ధాంతం (రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు సవరణతో మార్చలేదన్నది) ఆధారంగా సుప్రీంకోర్టు 1980లో ఆ నిబంధనను కొట్టివేసింది. హంగరీలో 2013 నాటి నాలుగో సవరణ, రాజ్యాంగ సవరణల్లో విధివిధానాలను తప్ప సారాన్ని రాజ్యాంగ న్యాయస్థానం పరిశీలించరాదని చెప్పింది. ఆ నిబంధన అక్కడ నిలిచింది. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే 1973లో మన దగ్గరా వేరేగా ఉండేదని పిల్లలకు దాచకుండా చెప్పండి.

తరగతిలో ఒక పని చేయించవచ్చు. మన పీఠికను, 1997 నాటి పోలండ్ పీఠికను, 2011 నాటి హంగరీ పీఠికను తెలుగులో బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఒక్కో పీఠిక ఎవరిని ‘మేము’ అని పిలుస్తోందో, ఆ ‘మేము’లో తమకు చోటు ఉందో లేదో పిల్లల్నే వెతికి రాయమనండి. వాళ్లు రాసిన కాగితాల్లో కొన్నిటిని మాకు పంపితే ఇదే శీర్షికలో వేస్తాం.